ఇటలీ చర్చి గోడల మీద ఎరుపు నిలిచింది, నీలమే ఎందుకు రాలిపోయింది?

ప్రశ్న – నీలిగోడ

ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచే చర్చిలో ప్రధాన బలిపీఠానికి కుడివైపున పక్కపక్కనే ఉన్న బార్ది, పెరూజ్జి చాపెళ్లను (చర్చిలోని చిన్న ప్రార్థన గదులను) ఇటీవల దాదాపు రెండు గంటలసేపు నిలబడి చూశాను. రెండింటికీ బొమ్మలు వేసినవాడు ఇటలీ చిత్రకారుడు జొట్టోయే, రెండూ 14వ శతాబ్దపు తొలి దశాబ్దాలకు చెందినవే, రెండింటి మధ్య ఉన్నది ఒక్క గోడ మాత్రమే. అయినా బార్ది చాపెల్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ మృతదేహం చుట్టూ చేరిన మఠవాసుల ముఖాల్లోని దుఃఖాన్ని కిందనుంచే గుర్తించగలిగాను. పెరూజ్జి చాపెల్‌లో మాత్రం మనుషులు, మేడలు, సింహాసనాలు అన్నీ మంచు తెర వెనక ఉన్నట్లు వెలవెలబోయి కనిపించాయి. ఇంకో విచిత్రం ఏమిటంటే, అంత బాగున్న బార్దిలోనే అంత్యక్రియల చిత్రం కింది భాగంలో ఒక పెద్ద ముక్క, ఎవరో కొలిచి కోసినట్లు పదునైన అంచులతో, ఉత్త గచ్చుగా మిగిలి ఉంది.

అంతకుముందు పాదువాలో జొట్టోయే బొమ్మలు వేసిన స్క్రొవేన్యి చాపెల్‌లోనూ ఇటువంటిదే ఒకటి గమనించాను. అక్కడ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దుస్తులు నిన్న వేసినంత నిండుగా ఉండగా, కొన్ని దృశ్యాల్లో మేరీమాత పైవస్త్రం నీలం మాత్రం పెచ్చులూడి, అడుగున ఉన్న మసక రంగు బయటపడింది. దారి చూపిన గైడు అన్నిటికీ ‘తేమ వల్లనండీ’ అని ఒకే మాట చెప్పి ముందుకు నడిచారు. తేమకు రంగుల మధ్య ఈ పక్షపాతం ఎందుకుండాలి? గోడ మీద వేసిన ప్రతి బొమ్మనూ ‘ఫ్రెస్కో’ అనడం అసలు సరైనదేనా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం – సున్నపుతేట

మీ రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిది చాలావరకు తేలిపోతుంది. ఇటాలియన్‌లో ‘ఫ్రెస్కో’ అంటే తాజా అని అర్థం. ఆ తాజాదనం రంగుది కాదు, గచ్చుది. నానబెట్టిన సున్నంలో ఇసుక కలిపి గోడకు ముందు ఒక ముతక పూత పూసేవారు. దాని మీద ఎర్రమట్టి రంగుతో బొమ్మ రూపురేఖలు గీసుకునేవారు. ఆ గీతలనే ‘సినోపియా’ అంటారు. ఆపైన, ఆ రోజు ఎంతమేర వేయగలరో అంతమేరకే సన్నని నున్నపూత పూసి, అది తడిగా ఉన్న కొన్ని గంటల్లోనే ఉత్త నీళ్లలో కలిపిన రంగుపొడితో బొమ్మ పూర్తి చేసేవారు. జిగురూ నూనే ఏవీ కలపరు. గచ్చు ఆరుతున్నప్పుడు అందులోని సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మారుతుంది, ఆ మారడంలో పైకి తేలిన పలుచని స్ఫటికపు పొర రంగు రేణువులను తనలో బిగించుకుంటుంది. అందువల్ల సరిగ్గా వేసిన ఫ్రెస్కోలో రంగు గోడ మీద ఉండదు, గోడలో భాగమై ఉంటుంది.

ఒక రోజు పూసిన మేరను ‘జోర్నాతా’ అంటారు, అంటే ఒక దినపు పని. స్క్రొవేన్యి చాపెల్‌లో అటువంటి ముక్కలు వందల సంఖ్యలో ఉన్నట్లు పరిశీలకులు లెక్కగట్టారు. ముఖానికి ఒక రోజు పట్టవచ్చు, అదే కొండకో గోడకో అయితే అదే వ్యవధిలో దానికి ఎన్నో రెట్లు స్థలం ముగుస్తుంది. పని ఎప్పుడూ పైనుంచి కిందికి సాగుతుంది, లేకపోతే పైన పూసే గచ్చు కింద ఆరిన బొమ్మ మీద చిందుతుంది. కొత్త ముక్క అంచు పాత ముక్క అంచును కొద్దిగా కప్పుతుంది గనుక ఏది ముందు వేశారో, ఏది తరువాత వేశారో ఏడు శతాబ్దాల తరువాత కూడా చెప్పగలుగుతున్నారు.

ఇక నీలం సంగతి. ఎర్రమట్టి, పచ్చమట్టి, సున్నపు తెలుపు వంటివి సున్నంతో చక్కగా ఇమిడిపోతాయి. నాటి ఇటలీలో గోడలకు విరివిగా వాడిన నీలం అజురైట్ అనే రాగి ఖనిజం. దాన్ని ముతకగా నూరితేనే నిండు నీలం వస్తుంది, మెత్తగా నూరితే పాలిపోతుంది. ఆ ముతక రేణువులను సున్నపు పలుచని పొర పట్టి ఉంచలేదు. అందుచేత గచ్చు పూర్తిగా ఆరాక, జిగురులోనో గుడ్డుసొనలోనో కలిపి నీలాన్ని పైన అద్దేవారు. ఈ పద్ధతిని ‘సెక్కో’ అంటారు, అంటే పొడి గోడ మీది పని. నీలం నిండుగా కనిపించడానికి దాని అడుగున ముందే నలుపో, ముదురు ఎరుపో వేసి ఉంచేవారు. మీరు పాదువాలో చూసిన మసక రంగు అదే. శతాబ్దాల తేమకూ ఉప్పుకూ జిగురు చచ్చిపోయింది, దాన్ని నమ్ముకొని నిలిచిన నీలం రాలింది, గచ్చులో కలిసిన అడుగు రంగు మిగిలింది. కాబట్టి మీ గైడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

సమాధానం – రెండోచూపు

సున్నపుతేట గారు చెప్పినదాన్ని సాంతా క్రోచేకు అన్వయిస్తే మీ రెండు చాపెళ్ల తేడా తెలిసిపోతుంది. బార్దిలో జొట్టో ప్రధానంగా తడిగచ్చు మీద పనిచేశాడు, పెరూజ్జిలో చాలాభాగం పొడిగోడ మీద వేశాడు. పొడిగోడ పని త్వరగా సాగుతుంది, ముక్కలు ముక్కలుగా గచ్చు పూయనక్కరలేదు, కానీ దాని ఆయుష్షు జిగురు ఆయుష్షే. పైగా 18వ శతాబ్దంలో రెండు చాపెళ్లకూ వెల్ల వేసేశారు. 19వ శతాబ్దం మధ్యలో ఆ వెల్ల గీకినప్పుడు తడిగచ్చు బొమ్మ తట్టుకుంది, పొడిగోడ బొమ్మ వెల్లతోపాటు కొంత ఊడివచ్చింది. 2010లో పెరూజ్జి గోడలను అతినీలలోహిత కాంతిలో పరీక్షించినప్పుడు మామూలు వెలుతురులో కానరాని ముఖాల మడతలు, వస్త్రాల నీడలు తేలి కనిపించాయి. అంటే జొట్టో అక్కడ తక్కువ శ్రద్ధతో వేయలేదు, ఆ శ్రద్ధ మన కంటికి అందకుండా పోయింది, అంతే.

కొలిచి కోసినట్లున్న ఖాళీ తేమ వల్ల ఏర్పడింది కాదు. వెల్ల కింద బొమ్మ ఉన్నదన్న స్పృహ లేని రోజుల్లో ఆ గోడకు ఆనించి సమాధి నిర్మాణం ఒకటి కట్టారు. అది తగిలినంతమేర బొమ్మ పోయింది. 19వ శతాబ్దపు మరమ్మతుదారులు ఆ ఖాళీని తమ ఊహతో నింపారు. 20వ శతాబ్దం మధ్యకాలంలో ఆ అతుకుబొమ్మలను తొలగించి, పోయింది పోయినట్లే చూపించాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. ఖాళీ కంటికి గుచ్చుకుంటుంది నిజమే, కానీ జొట్టో వేయని ముఖాన్ని జొట్టోదిగా మెచ్చుకొని వచ్చే ప్రమాదం తప్పుతుంది.

రాలిపోవడం ఒక్కటే ప్రమాదం కాదని కూడా చెప్పాలి. అస్సీసీలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పై అంతస్తులో, అడ్డంగా చాచిన ఎడమ భాగంలో, జొట్టోకు ముందుతరం చిత్రకారుడైన చిమాబూయె 13వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వేసిన శిలువ దృశ్యం ఉంది. దాని ముందు నిలబడితే ఫొటో నెగెటివ్ చూస్తున్నట్లుంటుంది. వెలుగు పడవలసిన నుదురు, భుజం, వస్త్రపు మడతల శిఖరాలు అన్నీ నల్లగా ఉంటాయి, నీడలు లేతగా ఉంటాయి. కారణం సీసపు సఫేదా. పలకల మీద నూనెలోనో సొనలోనో అది శతాబ్దాలు తెల్లగానే ఉంటుంది. గోడ మీద మాత్రం కాలక్రమాన మారి నల్లబడుతుంది. 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని చిత్రకారుల కోసం రాసిన చేతిపుస్తకంలో గోడ మీద ఈ తెలుపును వీలైనంత వరకు వాడవద్దని హెచ్చరించాడు. చిమాబూయె తరువాతి తరాలవారు ఆ పాఠాన్ని ఎక్కడ నేర్చుకొని ఉంటారో ఊహించుకోవచ్చు.

సమాధానం – పాతగచ్చు

పై రెండు సమాధానాలూ బాగున్నాయి గాని, తడిగచ్చు మంచిది, పొడిగోడ తొందరపాటు అన్న ధ్వని వాటిలో వినిపిస్తున్నది. దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. పద్ధతిని ఎంచుకోవడంలో చిత్రకారుడి స్వభావం కూడా ఉంటుంది. మిలాన్‌లో సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠంలో లియొనార్డో డావిన్చీ 1495–98 మధ్య వేసిన ‘చివరి విందు’ను చాలామంది ఫ్రెస్కో అంటారు. అది ఫ్రెస్కో కాదు. ఉన్నది చర్చిలోనూ కాదు, పక్కనున్న మఠవాసుల భోజనశాలలో. సమకాలీనుడొకరు రాసినదాని ప్రకారం లియొనార్డో కొన్ని రోజులు సారువ దిగకుండా వేసేవాడు, కొన్ని రోజులు వచ్చి గంటలతరబడి చూసి, ఒకటి రెండు గీతలు దిద్ది వెళ్లిపోయేవాడు. సాయంత్రానికి ఆరిపోయే గచ్చుతో ఇటువంటి మనిషి ఎట్లా వేగుతాడు? అందుకే పొడి పూత మీద సొన, నూనె కలిపిన రంగులతో వేశాడు. ఫలితం మనకు తెలిసిందే: 1517లో చూసినవారే అప్పటికే పాడవుతున్నదని రాశారు. అయితే ఆ ముఖాల మీది మెత్తని నీడలు, బల్లమీది పాత్రలపై మెరుపులు అంతటి తీరికతో తప్ప వచ్చేవి కావు.

మఠవాసులు చేసింది అంతకంటె ఘోరం. 1652లో వంటింటివైపు ద్వారాన్ని పెద్దది చేయడానికి గోడను తొలిచారు, ఆ తొలవడంలో క్రీస్తు పాదాలు పోయాయి. 1943 ఆగస్టులో బాంబులు పడి ఆ భోజనశాల పైకప్పు, ఒక పక్క గోడ కూలినా, ఇసుక బస్తాలు పేర్చి కాపాడిన ఆ బొమ్మగోడ మాత్రం నిలబడింది. 1978లో మొదలైన శుద్ధి 1999లో ముగిసింది. వేయడానికి పట్టిన కాలానికి సుమారు ఏడు రెట్లు.

తడిగచ్చుకు కూడా దాని తిప్పలు దానికున్నాయి. సిస్టీన్ చాపెల్ పైకప్పు పనిని 1508లో చేపట్టిన మైకెలాంజెలో మొదట వేసిన జలప్రళయ దృశ్యం మీద బూజు పట్టి, చేసిన పని చెరిపి మళ్లీ వేయవలసి వచ్చింది. గచ్చులో నీరు ఎక్కువైంది. ఫ్లోరెన్స్‌లో అలవాటైన పాళ్లు రోమ్‌లోని సున్నానికీ, అగ్నిపర్వతపు ఇసుకకూ కుదరలేదు.

ప్రశ్న అడిగినవారు – నీలిగోడ

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం మిగిలింది. ఇన్ని కష్టాలున్నప్పుడు ఇటలీ చర్చిలు ఈ పద్ధతినే ఎందుకు పట్టుకొని వేలాడాయి? అదే కాలంలో ఫ్రాన్స్ చర్చిలు రంగు అద్దాలతో నిండిపోయాయి కదా.

సమాధానం – కమానుకింద

దానికి జవాబు కట్టడంలోనే ఉంది. 1248లో ప్రతిష్ఠించిన పారిస్ సాంత్ షాపెల్ వంటి చోట బరువంతా సన్నని రాతి స్తంభాల మీదికి, బయటి ఆధార కట్టడాల మీదికి మళ్లించారు గనుక స్తంభాల మధ్య గోడ అవసరమే లేకపోయింది, అక్కడ అద్దాలు నింపారు. ఇటలీలో గోడే బరువు మోసేది. కిటికీలు చిన్నవి, ఎండ తీవ్రం. 1228లో మొదలై 1253లో ప్రతిష్ఠితమైన అస్సీసీ చర్చి గోథిక్ కమానులతో కట్టినదే అయినా, దాని పై అంతస్తులో కిటికీల కింద పొడవాటి ఖాళీ గోడలను వదిలిపెట్టారు. ఒక్కసారి ఆ శాల మధ్యలో నిలబడితే, ఆ గోడలు ఫ్రాన్సిస్ కథను చెప్పడానికే ఎదురుచూశాయేమో అనిపిస్తుంది. సాంతా క్రోచే పైకప్పు బరువు తక్కువైన కలపది కావడం వల్ల అక్కడా గోడలు చదునుగా, విశాలంగా మిగిలాయి. ఫ్రాన్సిస్ బాటలో నడిచే ఫ్రాన్సిస్కన్ సన్యాసులు మాటలతో బోధించేవారు, ఆ మాటలకు తోడుగా చవకగా, వేగంగా బొమ్మలు కావాలి. పాలరాతికన్నా, మొజాయిక్‌కన్నా (రంగు బిళ్లలు పేర్చి కూర్చే బొమ్మకన్నా) సున్నం ఎంతో చవక.

మొజాయిక్ ప్రస్తావన వచ్చింది గనుక మీ నీలం గురించి ఒక మాట. రవెన్నాలో గల్లా ప్లాచిడియా పేరుతో పిలిచే 5వ శతాబ్దపు చిన్న కట్టడం లోపలికి వెళితే కమాను పైకప్పంతా ముదురు నీలం, దాని మీద బంగారు నక్షత్రాలు. పదిహేను వందల ఏళ్లు దాటినా ఆ నీలం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది పూసిన రంగు కాదు, తడి సున్నంలో గుచ్చిన గాజు బిళ్ల. పాదువాలో జొట్టో పైకప్పు మీద నీలమూ, బంగారు నక్షత్రాలూ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. అదే ఆకాశం, కాకపోతే ఖర్చు తక్కువ, ఆయుష్షూ తక్కువ.

పాతగచ్చు గారు చెప్పని ఇంకో నష్టం పీసాలో జరిగింది. 1944 జూలై 27న అక్కడి పాత శ్మశానశాల కాంపొసాంతోకు నిప్పంటుకొని పైకప్పు మీది సీసం కరిగి గోడల వెంట కారింది. మిగిలిన బొమ్మలను కాపాడటానికి బట్టకు జిగురు పూసి అంటించి, ఆరాక బొమ్మ పొరను గోడనుంచి ఒలిచారు. అప్పుడే అడుగున శతాబ్దాలుగా దాగి ఉన్న సినోపియాలు బయటపడ్డాయి, వాటికోసం ప్రత్యేకంగా మ్యూజియం పెట్టారు. 1966 నవంబరులో ఫ్లోరెన్స్‌ను వరద ముంచెత్తిన తరువాతా ఇట్లాగే ఎన్నో బొమ్మలను ఒలిచారు. అత్యవసరమైతే తప్పదు గాని, ఆ రోజుల్లో ఒలవడమే ఒక మోజుగా మారిందని నా అభిప్రాయం. పలక మీదికి ఎక్కించిన ఫ్రెస్కోలో గోడకుండే ఎగుడుదిగుళ్లు, తాపీ జాడలు అన్నీ పోయి అది కాగితం మీది బొమ్మలాగా చదునైపోతుంది.

మీరు మళ్లీ వెళ్తే ఉదయమో సాయంత్రమో, కిటికీ వెలుతురు గోడకు ఏటవాలుగా పడే వేళ చూసుకొని వెళ్లండి. బొమ్మకు ఎదురుగా నిలబడక, గోడకు దగ్గరగా ఒక పక్కకు జరిగి చూడండి. ముఖాల చుట్టూ, తలల వెనక కాంతివలయాల అంచున సన్నని గట్టులాగా గచ్చు అతుకులు తేలుతాయి. ఒక అతుకునుంచి ఇంకో అతుకుదాకా వేలితో గాలిలో గీత గీసుకుంటూ వెళితే, జొట్టో పొద్దున ఎక్కడ మొదలుపెట్టి సాయంత్రం ఎక్కడ ఆపాడో మీరే లెక్కపెట్టుకోవచ్చు.