అప్‌డేట్: వెనక గదిలో వైఫై ఇప్పుడు తెగిపోవడం లేదు

హాల్లో సిగ్నల్ బాగానే ఉన్నా, వెనక పడకగదిలో సాయంత్రమయ్యేసరికి వీడియో కాల్ తెగిపోతోందని, రౌటర్‌లో ఏ సెట్టింగ్ మార్చాలో చెప్పమని నేను అడిగిన ప్రశ్నకు ఇది కొనసాగింపు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల చిరునామా 192.168.1.1 తెరిచి వైర్‌లెస్ పేజీలోకి వెళ్తే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే తరంగ శ్రేణుల్లో ఒకటి) ఛానెల్, అంటే ఆ శ్రేణిలో సిగ్నల్ నడిచే దారి, ‘ఆటో’ అనీ, ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అనీ కనిపించింది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూడగా, మా అపార్ట్‌మెంట్‌లోని రౌటర్లు చాలావరకు 6వ ఛానెల్ మీదే కిక్కిరిసి ఉన్నాయి. ‘ఆటో’ మా రౌటర్‌ను కూడా అక్కడికే తీసుకెళ్లి కూర్చోబెట్టింది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వాడినప్పుడు ఈ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానెళ్లే కాబట్టి, మీరు చెప్పినట్టే వెడల్పును 20కి తగ్గించి, ఖాళీగా ఉన్న 11ను ఎంచుకుని సేవ్ చేశాను. స్పీడ్ టెస్ట్‌లో అంకె పెద్దగా పెరగలేదు గానీ, సాయంత్రం పూట కాల్ మధ్యలో ఆగడం మాత్రం పోయింది. నాకు కావలసింది అదే.

5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటేసరికి బాగా బలహీనపడతాయి గనుక, దానికి వేరే పేరు పెట్టి హాల్లోని టీవీకి, ల్యాప్‌టాప్‌కు కేటాయించాను.

భద్రతను డబ్ల్యూపీఏ3కి (వైఫైని రక్షించే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చినది) మార్చగానే పాత ప్రింటర్ కనెక్ట్ కావడం మానేసింది. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఆప్షన్ పెట్టాక మళ్లీ పనిచేస్తోంది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే డబ్ల్యూపీఎస్‌ను ఆపేసి, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా మార్చాను.