చర్చ: వదులుకుంటే మనశ్శాంతి ఎవరికి వస్తుంది?

పాత మాస్టారు (అమలాపురం): ఏడేళ్ల క్రితం నా తమ్ముడు మా ఇద్దరి చేల మధ్య గట్టును నా వైపు మూరెడు జరిపి, సర్వే రాయిని పీకి బోదెలో (చేలకు నీరందించే చిన్న కాలువలో) పడేశాడు. దావా వేశాను, నిద్ర పోగొట్టుకున్నాను. మొన్న ధనుర్మాసంలో అతని కాలు విరిగిందని తెలిసి చూడడానికి వెళ్తే, మంచం పక్క స్టూలు మీద సగం తాగిన బొండం, దాని నిండా చీమలు, తీసి పారేసే మనిషి లేని ఇల్లు కనిపించాయి. ఆ బొండం పారేసి, స్టూలు తుడిచి వచ్చాను. ఆ వారమే దావా ఉపసంహరించుకున్నాను. అప్పటినుంచి హాయిగా నిద్ర పడుతోంది. సుఖంలో ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, పుణ్యాత్ములను చూసి సంతోషం, పాపులపట్ల ఉపేక్ష వహిస్తే చిత్తం నిర్మలమవుతుందని పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 33వ సూత్రంలో చెప్పింది నిజమేనని నా నమ్మకం. మీరేమంటారు?

శివారు రైతు: మీకు పింఛను వస్తుంది గనుక వదులుకోగలిగారు మాస్టారూ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది గాని, దాళ్వాలో, అంటే రెండో పంటకు, మా శివారుకు వంతు నీరు నేటికీ ఆఖరునే వస్తుంది. ఎగువవారు తూముకు గోనెసంచులు అడ్డం వేసినప్పుడు నేను కరుణ చూపితే నా చేను ఎండిపోతుంది. అయినా మూరెడు గట్టుకు ఎవరైనా దావా వేస్తారా?

పాత మాస్టారు: మూరెడే. దానితోపాటు మూడు కొబ్బరి చెట్లు అటు వెళ్లాయి.

శివారు రైతు: చెట్ల సంగతి ముందే చెప్పవలసింది. కాపు చెట్లా, ముదురు చెట్లా?

గోదారి గాలి: లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ చూడకుండా అన్నం పెట్టారు. శాంతి అక్కడుంది, చెట్ల లెక్కలో లేదు.

శివారు రైతు: సీతమ్మ గారు పెట్టారు, ఎవరూ లాక్కోలేదు. పెట్టడం వేరు, ఊడబెరుక్కుంటే ఊరుకోవడం వేరు.

పాత మాస్టారు: ఉపేక్ష అంటే నిర్లక్ష్యమని మనం వాడుకలో అనుకుంటాం గాని, ఆ సూత్రంలో దానికి అర్థం తొణకని సమభావం. మన ఆదుర్రులో స్తూపం కట్టించిన బౌద్ధులు సైతం ఈ నాలుగింటినే బ్రహ్మవిహారాలన్నారు. మీరు తూము దగ్గరే ఆగిపోతే ఈ మాట ఎలా ఎక్కుతుంది?

శివారు రైతు: తూము దగ్గర ఆగేది నా నీరు. పాఠం చెప్పడం మానండి.

లంక ఆడపడుచు: మాస్టారు గారూ, మీరు వదులుకున్నారు, నిద్ర కూడా మీకే పట్టింది. నా విషయంలో సంతకం నాది, నిద్ర మా అన్నయ్యలది. 1986లో హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ వల్ల, 1991లో పెళ్లయిన నాకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఉంది. నాన్నగారు చనిపోయిన ఏడాది అన్నయ్యలు చీర, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టి, వాటి కింద నా వాటా వదులుకుంటున్నట్టు రాసిన విడుదల దస్తావేజు పెట్టారు. పుట్టింటి గుమ్మం కావాలో, పొలం కావాలో తేల్చుకోమన్నారు. అమ్మను ఆఖరివరకూ చూసుకున్నది పెద్దవదినే గనుక నాకు కోపం లేదు. అయినా దానిని త్యాగమని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది. నేను వదులుకోలేదు, నా చేత వదిలించారు.

గోదారి గాలి: ఇది చర్చకు సంబంధం లేని విషయం.

లంక ఆడపడుచు: చర్చే ఇది. మీ ఇళ్లలో ఎవరిని వదులుకోమంటారో ఒకసారి చూసుకోండి.

పాత మాస్టారు (మర్నాడు): అమ్మా, రాత్రంతా మీ మాటే మెదిలింది. మా చెల్లెలు కూడా అటువంటి కాగితం మీదే సంతకం పెట్టింది. నేను దావా వేసిన చేను ఆమె వాటా కలిసినదే. ఆమెకు నిద్ర పడుతోందో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

శివారు రైతు: అడగడానికి వెళ్లేముందు ఆ సర్వే రాయిని బోదెలోంచి తీయించండి మాస్టారూ. ఆమె వాటా కొలవాలన్నా అది ఉండాలి.