గాడులు అరగని పాత టైర్లను మార్చాలా?

ప్రశ్న (కృష్ణలంక వాసి):
అందరికీ నమస్కారం. 2018లో కొన్న మా చిన్న కారు ఎక్కువగా ఇంటి ముందు ఎండలోనే నిలిచి ఉంటుంది. ఊళ్లో పనులకు తప్ప బయటికి తీయకపోవడంతో ఇప్పటికి 26 వేల కిలోమీటర్లే తిరిగింది. కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి. గాడుల లోతు 4 మిల్లీమీటర్లకు పైనే ఉందని అలైన్‌మెంట్ చేసినాయన కొలిచి చెప్పి, అదే నోటితో నాలుగూ మార్చేయమన్నారు. మా మెకానిక్ మాత్రం ఇంకో రెండేళ్లు ఢోకా లేదంటున్నారు. మే నెలలో కుటుంబంతో విజయవాడ నుంచి తిరుపతికి కారులోనే వెళ్లాలనుకుంటున్నాం. ఎవరి మాట వినాలి?

సమాధానం (పాత ఫిట్టర్):
మన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు కనుక ఆ పరీక్షలో మీ టైర్లు నెగ్గినట్టే. అయితే గాడిని చూసి టైరు వయసు తెలుసుకోలేం. టైరు పక్కన DOT (డాట్) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 1418 అని ఉంటే అది 2018లో 14వ వారంలో తయారైందని అర్థం. ఈ అంకెలు కొన్ని టైర్లకు ఒక పక్కనే ఉంటాయి కాబట్టి, బయటికి కనిపించకపోతే కారు కిందికి వంగి లోపలి వైపు చూడండి.

తక్కువ తిరిగిన టైరు ఎక్కువ కాలం మన్నుతుందన్నది సగమే నిజం. పగుళ్లు రాకుండా రబ్బరులో కలిపే మైనం లాంటి పదార్థాలు, టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడే పైకి చేరి దానికి రక్షణపొరగా నిలుస్తాయి. నెలల తరబడి కదలని బండికి ఆ రక్షణ తగ్గుతుంది. ఇక లోపలి గాలిలోని ఆక్సిజన్ పీడనం వల్ల నెమ్మదిగా రబ్బరులోకి ఇంకి, టైరు లోపలుండే ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గర దాన్ని గట్టిపరిచి పెళుసుగా మారుస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ పని వేగం పుంజుకుంటుంది, పైగా ఇది బయటికి కనిపించదు. అందుకే ఫోర్డ్ లాంటి కార్ల కంపెనీలు గాడితో నిమిత్తం లేకుండా ఆరేళ్లకు మార్చమంటాయి. టైర్ల కంపెనీ మిషెలిన్ అయిదేళ్ల తర్వాత ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లు నిండితే చూడటానికి బాగున్నా తీసేయమని చెబుతుంది.

సమాధానం (ఖమ్మం రోడ్డు):
ఆరేళ్ల లెక్క అందరికీ ఒకేలా వర్తించదని నా అభిప్రాయం. నీడలో ఉంచి, గాలి సరిగ్గా చూసుకుంటూ, ఊళ్లో నలభై వేగం దాటని కారుకు పగుళ్లు లేకపోతే ఏడో ఏడు కూడా నడిపించవచ్చు. నాలుగు టైర్లంటే మధ్యతరగతి ఇంటికి చిన్న ఖర్చు కాదు, అమ్మేవారికి తొందరపెట్టడం అలవాటే.

సమాధానం (పాత ఫిట్టర్):
ఊళ్లో తిరగడం వరకైతే మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది మే నెల ఎండలో, నిండు బరువుతో, జాతీయ రహదారి మీద గంటల కొద్దీ నడపడం గురించి. 2012లో ఇంగ్లండులో ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. గాడి సరిపోతే చాలు, వయసుకు అక్కడ అప్పటికి చట్టంలో హద్దే లేదు. 2021 ఫిబ్రవరి నుంచి పదేళ్లు దాటిన టైర్లను బస్సులు, లారీల ముందు చక్రాలకు వాడకూడదని నిషేధించారు.

కృష్ణలంక వాసి గారూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైర్ల లోపలి పక్కను, గాడుల అడుగును టార్చితో చూడండి. సన్నని పగుళ్ల వల కనిపించినా, ఎక్కడైనా ఉబ్బు తగిలినా ప్రయాణం సంగతి పక్కనపెట్టి ముందు వాటిని తీయించండి. నల్లగా మెరిసే పాలిష్ పూసి ఉంటే కడిగి ఆరాక చూడాలి, అది పగుళ్లను చక్కగా దాచేస్తుంది.

కృష్ణలంక వాసి:
ధన్యవాదాలండీ. అంకెలు 1118 అని ఉన్నాయి. లోపలి పక్కన, రిమ్ముకు దగ్గరగా గోరు దిగేంత పగుళ్లు కనిపించాయి. నాలుగూ మార్పిస్తున్నాను. డిక్కీలోని స్టెప్నీ ఒక్కసారీ వాడలేదు, ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని ఒక చక్రానికి బిగించవచ్చా?

సమాధానం (పాత ఫిట్టర్):
వద్దండీ, దాని వయసూ అంతే. పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా చేరడానికి మాత్రం ఉంచుకోండి, డబ్బు కుదిరినప్పుడు అదీ మార్చండి. కొత్తవి బిగించే ముందే ప్రతి టైరు మీదా తేదీ చూసి, గోదాములో ఏడాదికి పైగా పడి ఉన్నవైతే వేరేవి అడగండి. గాలి ఎంత కొట్టించాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున్నే, బండి ఇంకా వేడెక్కకముందు కొలవాలి.