ఆర్కిడ్ ఆకులే వేస్తోంది, పూకాడ రావట్లేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. పోయినేడు బరంపురంలో ఒక నర్సరీలో ఊదారంగు ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్ కొన్నాను. పూలు చాలా రోజులు నిలిచాయి, అవి రాలాక మళ్ళీ కాడ వెయ్యలేదు. మొక్క మాత్రం బాగుంది, ఆకులు ముదురాకుపచ్చగా దళసరిగా ఉన్నాయి, కొత్తాకు కూడా వచ్చింది. హాల్లో టీవీ పక్కన ఎండ తగలకుండా పెట్టాను. ఎరువు మార్చాలా? మళ్ళీ ఆ పూలు చూడాలని చాలా ఆశగా ఉంది.

జవాబు (కోరాపుట్ నుంచి):
ఎరువు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఆకులు ముదురాకుపచ్చగా ఉన్నాయంటే వెలుతురు చాలట్లేదు, పూతకొచ్చే మొక్క ఆకు కాస్త లేతరంగులో ఉంటుంది. తూర్పు కిటికీ దగ్గరికి మార్చండి, పొద్దుటెండ కాసేపు తగిలినా మంచిదే, మధ్యాహ్నపు ఎండ మాత్రం పడితే ఆకు కాలిపోతుంది.

అసలు సంగతి రాత్రి చల్లదనం. రాత్రి పగలు 28 డిగ్రీలు దాటే ఉంటే ఈ మొక్క ఆకులు వేస్తూ కూర్చుంటుంది, రాత్రుళ్ళు 16 నుంచి 20 మధ్యకి దిగి అలా కొన్ని వారాలు ఉంటేనే పూకాడకి సిద్ధమవుతుంది. మాది కొండమీది ఊరు కాబట్టి మాకు అది తేలికే. మీది కొండ కింద, కార్తీకం వచ్చేదాకా ఆగాలి. అప్పట్నుంచి పుష్యం దాకా రాత్రిపూట ఆ కిటికీ తెరిచే ఉంచండి, చలికి మొక్క ఏమైపోతుందోనని లోపలికి తెచ్చేయకండి.

జవాబు (రాయగడ నుంచి):
పై మాట నూటికి నూరుపాళ్ళు నిజం అక్కా. నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. వేరు తడిగా ఉంటే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది, ఆ రంగు వచ్చాకే పొయ్యండి. మొవ్వులో నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది, గుడ్డతో ఒత్తెయ్యండి. కుండీలో మామూలు మట్టి వద్దు, బెరడు ముక్కలు, బొగ్గు చాలు. పాతకాడ ఎండిపోతే మొదట్లో కోసెయ్యండి, పచ్చగా ఉంటే రెండో మూడో కణుపు పైన కోస్తే పక్కనుంచి కొమ్మ రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, ఈ రోజే కిటికీ దగ్గరికి మార్చేస్తాను. వచ్చింది కాడో వేరో ఎలా గుర్తుపట్టాలి?

జవాబు (కోరాపుట్ నుంచి):
రెండూ ఆకు మొదట్లోంచే వస్తాయి కాబట్టి మొదట్లో తికమకగానే ఉంటుంది. వేరు కొస గుండ్రంగా నున్నగా ఉండి ఎటు పడితే అటు పోతుంది. కాడ కొస కాస్త నొక్కినట్టుండి, పొరలు కనిపిస్తూ, వెలుతురు వైపు పైకి లేస్తుంది. కాడ అని తేలాక కుండీని తిప్పకండి, తిప్పితే పూలు తలోవైపు తిరిగిపోతాయి. పూయడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో అరటిపళ్ళు, మామిడిపళ్ళు దగ్గర పెట్టొద్దు, పండేటప్పుడు వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి.