కొరియా పెళ్లిలో పేబెక్: అమ్మాయి తల్లిదండ్రులు ఎక్కడ కూర్చోవాలి?

అనంతపురం_పిల్ల:
నా స్నేహితురాలిది పెనుకొండ. అక్కడ కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియన్ నేర్చుకుంది, ఇప్పుడు దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఉద్యోగం, అక్కడి అబ్బాయితోనే పెళ్లి. మాకందరికీ ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను, అందరం వెళ్తున్నాం. హాల్లో పెళ్లయ్యాక పేబెక్ అని ఇంకో తంతు ఉంటుందట. హన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు వేసుకుని పెళ్లికూతురూ పెళ్లికొడుకూ పెద్దలకు నేలకు వంగి దండం పెడతారు, పెద్దలు ఎండు రేగుపళ్లు, చెస్ట్‌నట్లు విసిరితే ఇద్దరూ గుడ్డలో పట్టుకోవాలి, ఎన్ని పడితే అంతమంది పిల్లలట. ఇదంతా అబ్బాయి తల్లిదండ్రుల ముందే చేయడం ఆనవాయితీ అంటున్నారు. మరి వీళ్ల అమ్మానాన్న అంతదూరం వచ్చి పక్కన నిలబడి చూడాలా? వాళ్లనూ కూర్చోబెట్టమని స్నేహితులుగా మేం అడగొచ్చా? ఇంకోటి, చదివింపులు తెల్ల కవర్లో ఇవ్వాలట, నిజమేనా?

సువోన్_సూర్య:
కవరు సంగతి నిజమే. హాలు గుమ్మం దగ్గర రెండు బల్లలుంటాయి, మీరు అమ్మాయి వైపు బల్ల దగ్గర ఇవ్వండి, కవరు వెనక పేరు రాయండి, భోజనం టికెట్ వాళ్లే ఇస్తారు. మన 116 లాగా వాళ్లకూ ఒక లెక్క ఉంది, పదివేల వోన్ల లెక్కన బేసి సంఖ్యే ఇష్టం, 30 వేలు, 50 వేలు, 70 వేల వోన్లు ఇలా. లక్షకు మాత్రం పట్టింపు లేదు. చావుకిచ్చే డబ్బు కూడా తెల్ల కవర్లోనే పెడతారు, కాబట్టి పైన ఉన్న అక్షరాలు చూసి కొనండి.
పేబెక్ విషయంలో తలదూర్చకండి. ఒకప్పుడు పెళ్లి అమ్మాయి ఇంట్లో జరిగేది, తర్వాత అత్తారింటికి వెళ్లి అక్కడి పెద్దలకు మొదటిసారి దండం పెట్టేది, అదే పేబెక్. అందుకే అబ్బాయి వైపు వాళ్లకు. ఎవరి పద్ధతి వాళ్లది.

పద్మజ_హన్మకొండ:
చావుకీ పెళ్లికీ ఒకటే కవరా? నేనైతే ఇవ్వను. కనీసం మూలల్లో పసుపు రాయండమ్మా.

గోదారి_గట్టు:
మన మధుపర్కాలు తెల్లవే కదండీ.

పద్మజ_హన్మకొండ:
వాటికి ఎర్రంచు ఉంటుంది, పసుపు పెడతాం. ఒట్టి తెలుపు కాదు.

సువోన్_సూర్య:
పద్మజ గారూ, అక్కడ ఆ కవరు చూసి ఎవరూ చావు గుర్తు తెచ్చుకోరు. పైన పెళ్లి శుభాకాంక్షలని రాసే ఉంటుంది.

నల్గొండ_రవి:
వాళ్లకూ సగోత్రం పట్టింపు ఉందని విన్నాను?

సువోన్_సూర్య:
ఉండేది. ఇంటిపేరూ వంశం పుట్టిన ఊరూ రెండూ ఒకటైతే పెళ్లి కుదరదని చట్టమే ఉండేది, 1997లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని తీర్పిచ్చింది. చూశారా, వాళ్ల పద్ధతులు వాళ్లే మార్చుకుంటారు, మనం బయటినుంచి వెళ్లి చెప్పక్కర్లేదు.

పద్మజ_హన్మకొండ:
అలాంటి జంటలు కోర్టుకెక్కితేనే కదా తమ్ముడూ మారింది. మరి ఈ పిల్లల్ని అడగొద్దంటావేం?

సువోన్_సూర్య:
మీ బాధ కవరు గురించి కాదు, పేబెక్ గురించీ కాదు. ఏ పెళ్లిలోనైనా మగపెళ్లివాళ్లు మీకు శత్రువుల్లా కనిపిస్తారు. ఇంకా ఆ అత్తగారి మొహం కూడా చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నారు.

పద్మజ_హన్మకొండ:
అవును, కనిపిస్తారు. మా చెల్లి పెళ్లిలో నాన్న మోకాళ్ల నొప్పితోనే అల్లుడి కాళ్లు కడిగాడు, అది శాస్త్రం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ తర్వాత మగపెళ్లివాళ్లంతా తినేదాకా ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వలేదు. షుగర్ మనిషి, అర్ధరాత్రి దాటాక ఇంత మజ్జిగన్నం తిన్నాడు. అప్పుడూ అందరూ ఇదే మాట, పద్ధతి, మాట్లాడొద్దు అని. ఆయన బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. పిలిచి తక్కువ చేసేకంటే పిలవకపోవడమే నయం.

సువోన్_సూర్య:
పిలవకపోవడం నయం అనకండి. నా భార్య కొరియన్. మా అమ్మానాన్న నా పెళ్లికి రాలేదు, కులమే కాదు దేశం కూడా కాదని. పేబెక్‌లో అబ్బాయి వైపు కూర్చునేవాళ్లే లేరు. మానేద్దాం అంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, మామగారిని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుని తనే రేగుపళ్లు విసిరింది. ఆరోజు మావాళ్లు ఏ మూల నిలబడి చూసినా నాకు చాలు అనిపించింది. పెనుకొండ నుంచి తల్లిదండ్రులు బయలుదేరుతున్నారు, ముందు అది దక్కించుకోండి. కుర్చీల కోసం రచ్చ చేస్తే ఆ పెద్దాళ్లే సిగ్గుపడి ప్రయాణం మానుకుంటారు.

గోదారి_గట్టు:
అంటే అమ్మాయి తల్లిదండ్రులు కూర్చోవచ్చన్నమాటే కదా. ఆ ముక్క ముందే చెప్పాల్సింది.

సువోన్_సూర్య:
కూర్చోవచ్చు. ఇప్పుడు చాలామంది రెండు వైపులా చేస్తున్నారు, కొందరు అసలు పేబెక్కే పెట్టుకోవడం లేదు. కానీ అడగాల్సింది పెళ్లికూతురు, స్నేహితులు కాదు.

పద్మజ_హన్మకొండ:
పెళ్లికూతురికి ఆ సమయంలో నోరు పెగలదు తమ్ముడూ. అందుకే స్నేహితులు కావాలి.

అనంతపురం_పిల్ల:
నా స్నేహితురాలితో మాట్లాడాను. రెండ్రోజులు టెన్షన్ పడి చివరికి తనే అత్తగారిని అడిగింది. ఆవిడ ముందు ఆశ్చర్యపోయినా తర్వాత సరే అన్నారట. ముందు అబ్బాయి వాళ్లకు, తర్వాత వీళ్లకు దండం. ఇంకో సంగతి, పెళ్లి మొదట్లో తల్లులిద్దరూ కలిసి నడిచివెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు, అబ్బాయి తల్లి నీలం, అమ్మాయి తల్లి గులాబీ రంగు హన్‌బోక్‌లో. వీళ్లమ్మ మాత్రం ధర్మవరం పట్టుచీరే కడతానంది. దానికీ ఒప్పుకున్నారు!

నల్గొండ_రవి:
భలే. ఫొటోలు పెట్టండి.

పద్మజ_హన్మకొండ:
చల్లగా ఉండాలి పిల్లలు. కానీ వీళ్లకు రెండో దండం ఎందుకమ్మా? నలుగురినీ ఒకే వరసలో కూర్చోబెట్టి ఒకేసారి పెట్టొచ్చుగా. అది కూడా అడగమను.

సువోన్_సూర్య:
అక్కా, ఆవిడ ఒప్పుకున్నదే ఎక్కువ. ఇంక వదిలేయండి.

పద్మజ_హన్మకొండ:
ఎక్కువేం కాదు. అడగమను.