1986 అంబాసిడర్ (పెట్రోలు): స్లో స్పీడులో (బండి ఆగి ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు) ఇంజను అదురుతోంది, చోక్ (పెట్రోలు పాలు పెంచే పిడి) కొద్దిగా లాగితే సర్దుకుంటోంది

గోదావరి గట్టు:
మా నాన్నగారు కొన్న 1986 నాటి అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, గాలిలో పెట్రోలు కలిపే ఎస్‌యూ రకం కార్బురేటరు, పాయింట్లతో (కరెంటును కలుపుతూ తెంచే చిన్న మీటలు) పనిచేస్తూ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు, అన్నీ మొదటి నుంచి ఉన్నవే. కొన్ని నెలలుగా బండి రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు కూడా వణికేంతగా ఇంజను అదురుతోంది, ఒక్కొక్కసారి ఆగిపోతోంది. రాజమండ్రి నుంచి కాకినాడకు యాభై వేగంతో వెళ్లేటప్పుడు మాత్రం ఏ లోపమూ తెలియదు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా చోక్ పావు వంతు లాగి ఉంచితే అదురు దాదాపు పోతోంది. మా మెకానిక్ మూడు సార్లు కార్బురేటరు విప్పి కడిగి, కిట్ కూడా మార్చారు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు కొత్తవే. కార్బురేటరే మార్చేయమంటున్నారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంకేమైనా చూడవలసినది ఉందా?

పాత పాయింట్లు:
కార్బురేటరు కొనకండి. మీరు మామూలుగా చెప్పిన చోక్ సంగతే ఇక్కడ అసలైన ఆధారం. వేడి ఇంజనుకు చోక్ హాయినిస్తోందంటే దానికి పెట్రోలు చాలడం లేదని, లేదా కార్బురేటరు లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో లోపలికి పోతోందని అర్థం. స్లో స్పీడులో థ్రాటిల్ (గాలిని అదుపు చేసే తలుపు) దాదాపు మూసి ఉంటుంది కనుక మానిఫోల్డులో (కార్బురేటరు నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టం) పీల్పు బలంగా ఉంటుంది, లోపలికి వెళ్లే మొత్తం గాలి మాత్రం కొద్దిగానే ఉంటుంది. అందువల్ల గుండుసూది పట్టేంత సందు కూడా అప్పుడు మిశ్రమాన్ని చెడగొడుతుంది. రోడ్డు మీద వేగం అందుకున్నాక లోపలికి వెళ్లే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి అదే సందు ప్రభావం లెక్కకు రాదు. మీ లక్షణాలు సరిగ్గా ఇలాగే ఉన్నాయి.

ముందుగా ఒక పరీక్ష చేయండి. ఇంజను స్లోలో ఉండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి, ప్రతిసారీ శబ్దం ఎంత పడిపోతుందో గమనించండి. రబ్బరు పిడి ఉన్న పటకారు వాడండి. తీసిన వైరును గాలిలో వేలాడదీయకుండా దాని కొనను ఇంజను బాడీకి తగిలించి ఉంచండి, లేకపోతే కాయిల్‌కూ రోటరుకూ హాని. ఏ సిలిండరు వైరు తీసినప్పుడు తేడా తక్కువగా ఉంటుందో ఆ సిలిండరు సరిగా పనిచేయడం లేదన్నమాట. నాలుగింటి ఫలితాన్నీ ఇక్కడ రాయండి. కంప్రెషన్ (సిలిండరు లోపల పుట్టే ఒత్తిడి) కూడా చూపించగలిగితే మంచిది.

వనస్థలి పద్మిని:
పై సలహాతో ఏకీభవిస్తూనే రెండు మాటలు చేరుస్తాను. కొత్త పాయింట్లు వేసినంత మాత్రాన సరిపోదు, వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉన్నదో లేదో ఫీలర్ గేజితో చూడాలి. డిస్ట్రిబ్యూటరుకు వెళ్లే సన్నని వాక్యూమ్ పైపును కార్బురేటరు వైపు విప్పి నోటితో పీల్చి, కొనను నాలుకతో మూయండి. పీల్పు నిలవకపోతే డిస్ట్రిబ్యూటరు పక్కనున్న వాక్యూమ్ డబ్బీ లోపలి పొర చిరిగినట్టే. గాలి దొంగదారిన పోయే చోట్లలో అదీ ఒకటి.

ఇంకొకటి, 2025 నాటికి మన బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఎక్కువగా దొరుకుతోంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు మండడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. పాత సెట్టింగు మీదనే ఈ ఇంధనం పోస్తే మిశ్రమం కొంత పలచబడుతుంది, అంటే పెట్రోలు పాలు చాలదు. అయితే మీరు చెప్పినంత అదురు దానివల్ల మాత్రమే వస్తుందని నేను అనుకోను.

గోదావరి గట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పాయింట్ల సందు 0.38 ఉంది, వాక్యూమ్ పొర పీల్పును నిలుపుతోంది. 1, 2 వైర్లు తీసినప్పుడు ఇంజను ఆగిపోబోయింది. 3, 4 తీసినప్పుడు తేడా చాలా స్వల్పం. కంప్రెషన్ నాలుగింటికీ దాదాపు సమానంగా ఉంది. మరొక విషయం ముందు చెప్పలేదు. ఈ బాధ మొదలు కావడానికి కొద్ది వారాల ముందు ఎగ్జాస్టు మానిఫోల్డు (పొగ బయటికి పోయే గొట్టం) పగిలితే వేరే బండిది తెచ్చి బిగించారు.

పాత పాయింట్లు:
దొంగ దొరికినట్టే. ఈ ఇంజను హెడ్డులో (సిలిండర్ల పైమూత) పెట్రోలు గాలి లోపలికి పోయే దారులు నాలుగు కావు, రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఒకటి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేసారి నీరసించి, కంప్రెషన్ బాగానే ఉందంటే వాటి మధ్య హెడ్ ప్యాకింగ్ పోలేదని తేలింది. మిగిలింది ఆ రెండూ పంచుకునే దారి దగ్గరి మానిఫోల్డు ప్యాకింగే. కార్బురేటరు నాలుగు సిలిండర్లకూ ఒక్కటే కనుక దాని లోపం రెండింటికే పరిమితం కావడం అరుదు.

మీ బండిలో ఇన్‌లెట్, ఎగ్జాస్టు మానిఫోల్డులు రెండూ పక్కపక్కన ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. కొన్ని నట్లకింద ఉండే మందపాటి పెద్ద వాషరు రెండింటి అంచులనూ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. వేరే బండి నుంచి తెచ్చిన ఎగ్జాస్టు అంచు ఏమాత్రం మందంగా ఉన్నా వాషరు దాన్నే నొక్కి, ఇన్‌లెట్‌ను వదులుగా వదిలేస్తుంది. నట్టు ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. నిర్ధారణ కోసం, ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేసిన వెంటనే 3, 4 దారి దగ్గరి అతుకు మీద నూనె డబ్బాతో నాలుగు చుక్కల ఇంజను ఆయిలు వేయండి. కాసేపు అదురు తగ్గితే అనుమానం తీరినట్టే. కొందరు బ్రష్షుతో పెట్రోలు పూసి చూస్తారు, ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, పక్కనే ఎగ్జాస్టు ఉంది.

రెండు మానిఫోల్డులనూ విప్పి, అంచుల మందం కొలిపించి, ఎక్కువగా ఉన్నదాన్ని లేత్ షాపులో సమం చేయించండి. కొత్త ప్యాకింగ్ వేసి నట్లను మధ్య నుంచి చివరలకు బిగిస్తూ వెళ్లి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించండి.

గోదావరి గట్టు:
నూనె వేయగానే పది క్షణాలపాటు ఇంజను నిలకడగా నడిచింది. ఎగ్జాస్టు అంచు దాదాపు ఒక మిల్లీమీటరు మందంగా ఉన్నట్టు తేలింది. లేత్ పని చేయించి, నిన్న బిగించాం. అదురు పోయింది కానీ, ఇప్పుడు పొగ కొంచెం నల్లగా వస్తోంది.

పాత పాయింట్లు:
గాలి సందును కప్పిపుచ్చడానికి మీ మెకానిక్ కార్బురేటరులోని జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం) నట్టును కిందికి దించి పెట్రోలు పెంచి ఉంటారు. ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత, కార్బురేటరు పక్కనున్న చిన్న పిన్నును పైకి నొక్కి లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే లేపండి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ మొదటికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. నట్టుకు ఆరు ముఖాలుంటాయి. పైకి ఒక్కొక్క ముఖం చొప్పున తిప్పుతూ ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి, ఆ తరువాతే స్లో స్పీడు స్క్రూ ముట్టుకోండి. వారం నడిపాక ప్లగ్గులు తీసి చూస్తే కాఫీపొడి రంగులో ఉండాలి.