ట్రెక్కింగ్ మీద మొదటి ఊపు తగ్గిపోయింది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

మలుపు (ప్రశ్న)

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. కిందటేడు స్నేహితులతో కలిసి కొండలెక్కడం మొదలుపెట్టాను. మొదట్లో ఆ ఊపే వేరు. శుక్రవారం సాయంత్రానికే బ్యాగ్ సర్దేసేవాణ్ని. ప్రతిసారీ కొత్త చోటు, కొత్త శిఖరం, పైన నిలబడి ఫోటోలు. కొండ దిగుతుండగానే వచ్చే వారం ఎక్కడికన్న చర్చ మొదలయ్యేది.

తర్వాత ఒకరికి పెళ్లయింది, ఇంకొకరికి బదిలీ అయింది, గుంపు చెదిరిపోయింది. దగ్గర్లో కొత్త చోట్లు కూడా అయిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న కొండ, దాని చుట్టూ చిట్టడవి. గంటన్నరలో ఎక్కి దిగేయొచ్చు. శనివారం రాత్రి అలారం పెట్టుకుంటాను. పొద్దున అది మోగగానే ‘ఇవాళ మనసు లేదు, వచ్చే వారం చూద్దాం’ అనిపిస్తుంది. వారాలు అలాగే గడిచిపోతున్నాయి.

వెళ్లిన రోజు మాత్రం నిజంగా హాయిగా ఉంటుంది. సోమవారం ఆఫీసులో కూర్చున్నా ఆ తేలిక పోదు. ఇంత బాగుంటుందని తెలిసి కూడా కాలు ఎందుకు కదలదో అంతుపట్టడం లేదు. క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లకు ఆ మోటివేషన్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఎక్కిన కొండే మళ్లీ మళ్లీ ఎక్కితే విసుగు రాదా?

నైట్ డ్యూటీ

మలుపు గారూ, జవాబులో సగం మీరే రాసేశారు. వెళ్లిన రోజు హాయిగా ఉంటుందన్నారు కదా, మోటివేషన్ పుట్టేది అప్పుడే. మీరు దాని కోసం పొద్దున్నే మంచం మీద ఎదురుచూస్తున్నారు. అది కొండ దగ్గర ఉంది, మీరు ఇంట్లో ఉన్నారు.

నేను సర్జికల్ వార్డులో నర్సును. వరసగా నైట్లు పడే వారాల్లో ‘మనసుంటే వెళ్దాం’ అనుకుంటే నేను ఎప్పటికీ గడప దాటను. డిప్రెషన్‌కు చేసే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అనేదొకటి ఉంది. మనసు బాగుపడేదాకా ఆగకుండా, ముందు ఒక చిన్న పని పెట్టుకుని చేయిస్తారు. హుషారు దాని వెనకాలే వస్తుంది. మంచం పట్టినంత దిగులు ఉన్నవాళ్లకే ఉపయోగపడే పద్ధతి, మామూలు బద్ధకానికి పనికిరాకుండా ఉంటుందా?

నాకు ఆదివారం అంటూ లేదు, రోస్టర్ మారిపోతూ ఉంటుంది. అందుకే వారంతో పెట్టుకోకుండా డ్యూటీకి ముడేసుకున్నాను. నైట్ల వరస అయిపోయి, కడుపునిండా నిద్రపోయి లేచిన మర్నాడు కొండకు వెళ్లాలి, అంతే. ‘నిద్రపోయాకే’ అన్న మాట మర్చిపోకండి. రాత్రంతా మేలుకుని అటునుంచటే బండి తీయడం చాలా ప్రమాదం. షూ, నీళ్ల సీసా, టోపీ ముందురోజే తలుపు పక్కన పెట్టేస్తాను. లేచాక ఆలోచించాల్సినదేదీ మిగలకూడదు. ఆలోచన మొదలైతే సాకు కూడా మొదలవుతుంది.

అలవాటు ఎన్నాళ్లకు స్థిరపడుతుందని లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు చూశారు. ఆ అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ చేసే చిన్న చిన్న పనులకే సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరితే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పిపోయినా పెద్దగా నష్టం లేదట. వారానికోసారి చేసే పనికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. కాబట్టి నెలా రెండు నెలల్లో కాలు దానంతటదే కదలట్లేదని నిరాశపడకండి.

ఇక మీ గంటన్నర కొండ గురించి. దాన్ని చిన్నదని తీసిపారేసినట్టు రాశారు, నాకు మనసొప్పలేదు. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం కొంతమందిని సరిగ్గా 90 నిమిషాలు నడిపించింది. సగం మంది చెట్లూ గడ్డీ ఉన్న చోట నడిచారు, సగం మంది రద్దీ రోడ్డు పక్కన. ఒకే బాధను లోపల పదే పదే తవ్వుకోవడం ఉంటుంది చూడండి, అది చెట్ల మధ్య నడిచినవాళ్లలో తగ్గింది. దానితో సంబంధం ఉన్న మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గిందని స్కానింగ్‌లో కనిపించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు. వార్డులో ఎవరి పరిస్థితైనా విషమించిన రాత్రి నా తలలో అదే తిరుగుతూ ఉంటుంది: ఇంకో పది నిమిషాలు ముందే డాక్టర్ని పిలిచి ఉంటే, ఆ రీడింగ్ ఇంకోసారి చూసి ఉంటే అని. ఇంట్లో ఉంటే గోడలు కూడా అదే మాట అంటున్నట్టుంటుంది. కొండ మీద మొదటి అరగంట అదే ఆలోచన వెంట వస్తుంది. తర్వాత ఎప్పుడు జారిపోతుందో నాకే తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వార్డులో కిటికీ పక్క మంచం ఖాళీ అయితే చాలు, అందరూ అదే అడుగుతారు. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. 46 మంది అంటే చిన్న అధ్యయనమే. అయినా పడుకుని చూసినవాళ్లకే అంత తేడా కనిపిస్తే, ఆ చెట్ల మధ్యకు మనం నడిచి వెళ్లగలుగుతున్నాం. ఆ మాట నేను మర్చిపోలేను, ఎందుకంటే నడవలేనివాళ్లను రోజూ చూస్తాను.

విసుగు సంగతి. నేను ఏళ్ల తరబడి ఒకే దారిలో వెళ్తున్నాను, ఇప్పుడు నాకు కొత్త దారి అంటేనే ఆసక్తి తక్కువ. కొత్త చోట కళ్లు దృశ్యం మీదే ఉంటాయి, తెలిసిన చోట మార్పు కనిపిస్తుంది. మా దారిలో ఒక పెద్ద చెట్టు గాలికి పడిపోయింది. మొదట బెరడు ఊడింది, వానలకు దాని మీద పుట్టగొడుగులు లేచాయి, తర్వాత చీమలు చేరాయి. ఇప్పుడు షూ తగిలితే పొడిపొడిగా రాలుతోంది, ఆ పొడిలోంచి ఏదో మొక్క రెండాకులు వేసింది. ఇది ఒక్కసారి వెళ్లినవాళ్లకు కనిపించేది కాదు. రాళ్ల మీద బూడిదరంగు, ఆకుపచ్చ మచ్చల్లా అంటుకుని ఉంటాయే, లైకెన్లు, వాటిలో కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయంత మచ్చ కనిపిస్తే ఆగి చూస్తాను, నాకంటే వయసులో పెద్దదై ఉండొచ్చని. కీచురాళ్లు మనం దగ్గరకు రాగానే నోరు మూసుకుంటాయి, దాటి వెళ్లగానే వెనక మళ్లీ అందుకుంటాయి. కదలకుండా నిలబడితే మన చుట్టూ కూడా మొదలవుతుంది. ఆ పని మాత్రం ఎప్పుడూ మానను.

పైగా తెలిసిన కొండే మన ఒంటిని కొలిచి చూపిస్తుంది. మొదట్లో నాకు రెండో మలుపు దగ్గరే ఆయాసం వచ్చేది, బండ మీద కూలబడేదాన్ని. ఆ చోటు మెల్లగా పైకి జరుగుతూ పోయింది. చోటు మారుస్తూ పోతే ఇది మీకెలా తెలుస్తుంది?

నిదానం

నైట్ డ్యూటీ అమ్మా, చాలా బాగా రాశావు. ఒక్క దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు. అలారం మోగినప్పుడు మొరాయించేది అన్నిసార్లూ మనసే అనుకోవద్దు. చాలాసార్లు తొడలు, మోకాళ్లు మొరాయిస్తాయి. నాకు అరవై దాటాయి, ఉద్యోగమంతా సర్వే పని మీద గుట్టలు పట్టుకునే తిరిగాను, అందుకే ఈ మాట అంటున్నాను.

కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ కండరం దెబ్బతినేది దిగేటప్పుడు. దిగుతుంటే తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. ఆ పనికి దాని నారల్లో సన్నని చీలికలు వస్తాయి. నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు మొదలై రెండు మూడు రోజులు గట్టిగా ఉంటుంది. మంచి విషయం ఏమిటంటే ఒకసారి ఆ పని చేసిన కండరం కొన్ని వారాల పాటు తట్టుకుంటుంది, రెండోసారి అంత నొప్పి రాదు. మరీ ఎక్కువ విరామం ఇస్తే ఆ రక్షణ పోతుంది. మలుపు బాబూ, నువ్వు నెలల తరబడి మానేసి వెళ్తే మళ్లీ కొత్తవాడి నొప్పే పడతావు. ఆ నొప్పి ఒంటికి గుర్తుంటుంది, అలారం మోగగానే వద్దంటుంది. వారం వారం వెళ్లేవాడికి ఆ బాధ చాలా తక్కువ.

దిగేటప్పుడు అడుగులు చిన్నవి వెయ్యి, మోకాలు కొంచెం వంచే ఉంచు. రెండు చేతులా ట్రెక్కింగ్ కర్రలు పట్టుకుంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు పక్కవాడితో వాక్యం పూర్తి చేసేంత ఊపిరి ఉండాలి, లేదంటే వేగం తగ్గించు.

ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోవడానికి నేను ఇప్పటికీ వాడేది విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం. గంటకు సుమారు 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 4 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అయితే 48 నిమిషాలు, దాని మీద ఇంకో 30. ఆ లెక్క గట్టివాళ్లకు, ఆగకుండా నడిచేవాళ్లకు. మనలాంటివాళ్లం దాని మీద ధారాళంగా కలుపుకోవాలి. నా మటుకు నాకు ఈ లెక్క కూడా ఉత్సాహమే. పైకి చేరేసరికి గడియారం నేననుకున్న దగ్గరే ఉంటే ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

ఆకుపచ్చ సిరా

పైన ఫోటోల మాట చూసి ఒక విషయం గుర్తొచ్చింది. 2020లో వర్జీనియా స్టర్మ్ అనే పరిశోధకురాలి బృందం పెద్ద వయసువాళ్లను ఎనిమిది వారాల పాటు, వారానికోసారి 15 నిమిషాలు నడవమంది. ఒక గుంపుకు మాత్రం అదనంగా ఒక మాట చెప్పారు, చుట్టూ ఉన్నదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు అబ్బురంగా చూడమని. నడకలో అందరూ సెల్ఫీలు తీసుకున్నారు. అబ్బురంగా చూసిన గుంపు సెల్ఫీల్లో వారాలు గడిచేకొద్దీ మనిషి బొమ్మ చిన్నదవుతూ వచ్చింది, వెనకున్న దృశ్యం పెద్దదైంది, నవ్వు విప్పారింది. వాళ్ల సంతోషం కూడా పెరిగిందట.

నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో పడేస్తాను. చిన్న నోటుబుక్కులో ఏదో ఒక్కటి, ఆకో రాయో, బొమ్మ గీస్తాను. బొమ్మ ఎలా వచ్చిందన్నది పట్టించుకోను. గీయాలంటే అయిదు నిమిషాలు దాన్నే చూడాలి కదా, నాకు కావలసింది ఆ అయిదు నిమిషాలు.

మలుపు

అందరికీ చాలా థాంక్స్. నిదానం బాబాయ్ గారూ, నొప్పి సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు. వెళ్లొచ్చాక బుధవారం దాకా మెట్లు దిగలేక గోడ పట్టుకుంటాను, నిజమే.

నైట్ డ్యూటీ అక్కా, ఇంకొక్క సందేహం. ఇప్పటిదాకా గుంపుతోనే వెళ్లాను. ఒక్కణ్నే వెళ్లాలంటే ఏదో బెరుకు. మీరు ఒంటరిగానే వెళ్తారా?

నైట్ డ్యూటీ

ఎక్కువగా ఒంటరిగానే తమ్ముడూ. బెరుకు ఉండటం మంచిదే, అది జాగ్రత్త నేర్పుతుంది. మొదట నాలుగైదు సార్లు జనం తిరిగే వేళలో వెళ్లు, సగం దాకా ఎక్కి దిగిపో. శిఖరం ముట్టుకోవాలన్న నియమం పెట్టుకోకు.

బయల్దేరేముందు ఇంట్లో ఒకరికి ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి దిగుతావో చెప్పు. ఆ టైము దాటి గంటైనా ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో కింద ఉన్నప్పుడే నిర్ణయించుకో, పైన ఎక్కడున్నా ఆ టైముకు తిరిగిపో. ఉరుము వినిపిస్తే పైన, ఒంటరి చెట్టు కింద ఉండకు, దిగిపో. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. రాళ్ల సందుల్లో, ఎండుటాకుల్లో కనిపించని చోట చెయ్యి పెట్టకు, కాలు పెట్టకు. సిగ్నల్ అందే చోట్లు ఎక్కడున్నాయో ఈసారి వెళ్లినప్పుడు చూసుకుని గుర్తుపెట్టుకో.

బాబాయ్ గారు చెప్పని ఒక్కటి నేను చెప్తాను, వార్డులో కాళ్లు చూసే అలవాటు కొద్దీ. దిగే ముందు ఆగి, మడమను షూలో వెనక్కి నొక్కి, లేసులు చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకో. పాదం ముందుకు జారకుండా ఉంటే బొటనవేలి గోరు నల్లబడదు. గోళ్లు ముందురోజు రాత్రే కత్తిరించుకో, శనివారం అలారం పెట్టేటప్పుడు.